మూడు పళ్ళు, నలభై రెండు పేజీలు

మొదటి పన్ను మఠంపల్లిలో ఊడింది.

నిరుడు మే నెల. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన ఇంట్లో, కూలరు ముందు కూర్చుని ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఆరోగ్య బీమా గురించి చెబుతున్నాను. నా పేరు ఉపేందర్. ఊరు సూర్యాపేట. పంతొమ్మిదేళ్ళుగా బీమా ఏజెంటును. ఆ ఇంటావిడ పళ్ళెంలో సకినాలు పెట్టింది. వద్దంటే బాగుండదని ఒకటి కొరికాను. నోట్లో ఏదో గట్టిగా తగిలింది. పిండిలో రాయి వచ్చిందేమో అనుకుని, ఆవిడ చూడకుండా మర్యాదగా అరచేతిలోకి తీసుకున్నాను.

ఇంటాయన మాత్రం చూశాడు. వంగి మరీ చూశాడు.

"సారూ, గది సకినం ముక్కనా, పన్నా?"

పన్నే. పై వరుసలో, సరిగ్గా ముందుది. నొప్పి పెద్దగా లేదు. ఏమీ జరగనట్టు నా మాట పూర్తి చేద్దామని "మన ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీలో..." అనబోయాను. "హ్యామిలీ హ్లోటర్" అని వచ్చింది. లోపలి గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. జాలిగా నా బ్యాగు తీసి నా చేతికిచ్చాడు.

"ముందుగాల దవాఖానకు పోండ్రి సారూ. పాలసీ యాడికీ పోదు."

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు నుంచి డిసెంబరు దాకా నేను పడ్డ అవస్థ ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు నవ్వడానికి నోరు తెరిచే ధైర్యం కూడా లేదు. కట్టుడు పళ్ళ దగ్గరికి వెళ్ళబోయేవాళ్ళకు ఇది పనికి రావచ్చు. బీమా పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్ళకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

నిజానికి పన్ను సకినం వల్ల ఊడలేదు. నాకు ఆరేళ్ళుగా షుగరు. రెండేళ్ళుగా పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేది. బ్రష్షు గట్టిదేమో అనుకుని బ్రష్షులు మార్చాను. ముందు పళ్ళు నాలుకకు తగిలి కదిలేవి. నాలుక అటు పోకుండా అలవాటు చేసుకున్నాను. ఊళ్ళో అందరికీ ఏటా చెకప్ చేయించుకోమని చెప్పే మనిషిని. నేను మాత్రం ఒక్కసారీ పోలేదు.

దంత వైద్యుడి కోసం మిర్యాలగూడ వెళ్ళాను. సూర్యాపేటలో లేరా అంటే వీధికొకరు ఉన్నారు. ప్రతి వీధిలో నా పాలసీదారులు కూడా ఉన్నారు, అదీ సంగతి. మిర్యాలగూడ డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి. నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి, ఒక్కొక్క పన్నూ కదిపి చూసింది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. ఆఖరికి, పక్కనున్న రెండు పళ్ళు కూడా నిలవవని, మిగిలినవి నిలవాలంటే షుగరు అదుపులోకి రావాలని, చిగుళ్ళకు వైద్యం జరగాలని చెప్పింది.

"మిగిలినవి నిలవాలంటే అంటే... అన్నీ పోవచ్చా అమ్మా?" అని అడిగాను.

"మీరు ఇంకో ఏడాది ఆగి వచ్చి ఉంటే పోయేవి. ఇప్పుడు వచ్చారుగా," అంది.

ఆ "వచ్చారుగా" అన్న మాటను పట్టుకుని బస్సెక్కాను. అప్పటికి ఆ రెండు పళ్ళూ తీయించుకున్నాను. నోట్లో దూది, జేబులో చీటీ. చిగురు మానడానికి రెండు మూడు నెలలు పడుతుందని, ఆ తర్వాతే కొలత తీసుకుని, కావాలంటే తీసి మళ్ళీ పెట్టుకునే పళ్ళ సెట్టు చేస్తామని చెప్పింది.

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాను. నా పాలసీ అదే కంపెనీది. పళ్ళకు డబ్బులు రావని నాకు చూచాయగా తెలుసు. కానీ ప్రమాదమైతే ఏదో ఉంటుందని ఎక్కడో విన్న గుర్తు. గొంతు మార్చి, వేరే మనిషిలాగా అడిగాను.

"అమ్మా, ఒక సందేహం. సకినం వల్ల పన్ను ఊడితే అది ప్రమాదం కిందికి వస్తుందా?"

అవతల అమ్మాయి ఏదో టైపు చేస్తున్న చప్పుడు. "సార్, సకినం అంటే ఏ రకం వాహనమండీ?"

"వాహనం కాదమ్మా. తినేది."

"ఓకే సార్. ఉపేందర్ గారు, మీరు మా ఏజెంటే కదండీ? మీ నంబరు స్క్రీన్ మీద వస్తోంది."

ఫోన్ పెట్టేశాను. మిషను మీద జాకెట్టు కుడుతున్న నా భార్య సుజాత తల ఎత్తకుండానే అంది: "ఇగ మెట్ల మీదకెల్లి దుంకుతవా ఏంది, ప్రమాదం కావాలని?"

జూన్, జులై నెలలు మాస్కులో గడిచాయి. చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటే అందరూ అడుగుతున్నారని మాస్కు తగిలించుకున్నాను. మాస్కు పెట్టుకుంటే ఇంకా ఎక్కువమంది అడిగారు. కూరగాయల మార్కెట్లో ఒకాయన నన్ను చూసి మూడడుగులు వెనక్కి వేసి, "మల్ల కరోనా వచ్చిందా సారూ?" అన్నాడు. వచ్చిందంటే నా దగ్గర పాలసీలు తీసుకునేవాళ్ళేమో. ఆ ఆలోచన కూడా నాకు తర్వాతే వచ్చింది. అప్పుడు నా బుర్ర పనిచేయడం లేదు.

పనికి వెళ్ళడం తగ్గించాను. ఫోన్లో మాట్లాడితే ఈల వచ్చేది. "సూర్యాపేట" అనే మాటలో ఎంత గాలి ఉందో ఆ రెండు నెలల్లో తెలిసింది. ఇంట్లో కూడా మాట్లాడటం మానేశాను. అన్నం పిసికి మింగడం, మందులు వేసుకోవడం, అద్దం లేని గదిలో కూర్చోవడం. ఒకరోజు సుజాతను పిలవబోతే పేరు ఏదోలా వచ్చింది. ఆమె నవ్వింది. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో తిండి మీద అలిగింది అదే మొదటిసారి.

సాయంత్రం ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది. "నేను నవ్వింది నీ నోరు జూసి కాదయ్యా. రెండు నెలలకు నా పేరు పిలిస్తివని నవ్విన. గది గూడ సమజ్ కాలేదా?"

పోయి మిగిలిన అన్నం తిన్నాను.

ఆగస్టులో చిగురు మానింది. షుగరు కూడా కొంచెం మాట విన్నది. డాక్టరమ్మ నాకు రకాలన్నీ చెప్పింది. గులాబీ రంగు ప్లాస్టిక్ పలక మీద పళ్ళు అమర్చి, రెండు పక్కలా తీగ కొక్కేలు పెట్టేది అన్నిటికంటే చవక. మూడు పళ్ళకు మూడున్నర వేలు. కొంచెం దొడ్డుగా ఉంటుంది. నవ్వితే తీగ కనపడొచ్చు. మెత్తటి రకం ఒకటి ఉంది. తీగ ఉండదు గానీ ధర మూడింతలు, విరిగితే అతికించడం కష్టం. లోహపు పలకది సన్నగా, గట్టిగా ఉంటుంది, దానికి ఇంకా ఎక్కువ. నా చిగుళ్ళు ఇంకా కుదురుకోలేదు కాబట్టి ఇప్పుడు ప్లాస్టిక్‌ది చాలు, ఏడాది తర్వాత చూద్దాం అంది. ఖరీదైనది అంటగట్టే అవకాశం ఉన్నా అంటగట్టలేదు. అమ్మేవాడిని కాబట్టి ఆ విలువ నాకు బాగా తెలుసు.

కొలత తీసేటప్పుడు చల్లటి పిండి లాంటిది నోట్లో పెట్టి ఊపిరి ముక్కుతో తీసుకోమన్నారు. ఆ రెండు నిమిషాల్లో నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను.

సెట్టు తీసుకోవడానికి వెళ్ళిన రోజు నా ముందు ఎనిమిది మంది ఉన్నారు. బుగ్గ వాచినవాళ్ళు, దవడకు కండువా కట్టుకున్నవాళ్ళు, అందరూ మౌనంగా టీవీ చూస్తున్నారు. మాస్కు సర్దుకుని మూలన కూర్చున్నాను. ఎదురుగా ఉన్న పెద్దావిడ కళ్ళద్దాలు పైకి జరిపి నన్నే చూస్తోంది. తెల్ల చీర, ఒళ్ళో బట్ట సంచి.

"ఉపేందర్ సారేనా? మాస్కు పెట్టుకుంటే గుర్తువట్టననుకున్నరా?"

కరుణమ్మ టీచరు. ఆత్మకూర్‌లో పంతులమ్మగా రిటైరై, ఇప్పుడు త్రిపురారంలో చెల్లెలి దగ్గర ఉంటోంది. నా పాలసీదారు. రెండేళ్ళ కింద ఆమె ఎక్కిన ఆటో బోల్తా పడి, సూర్యాపేటలో ఒక ఆసుపత్రిలో రెండు రోజులు ఉంది. చేతికి కట్టు, ముందు నాలుగు పళ్ళు విరిగాయి. చేతికి డబ్బులొచ్చాయి. పళ్ళకు రాలేదు.

"బాగున్నరా టీచర్?" అన్నాను. ఈల వచ్చింది.

ఆమెకు అర్థమైపోయింది. ఒక్క క్షణం జాలిపడ్డట్టే కనిపించింది. తర్వాత, నలభై మంది పిల్లలున్న తరగతిలో వెనక బెంచీకి వినపడే గొంతుతో మొదలుపెట్టింది.

"నాకు పాలసీ అమ్మేటప్పుడు ఏమన్నరు సారూ? 'తల వెంట్రుక నుంచి కాలి గోరు దాక అన్నీ వస్తయి టీచరమ్మా' అన్నరా లేదా? మరి నడుమ పండ్లు యాడ పోయినయి?"

టీవీ చూస్తున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వాచిన బుగ్గలతో సహా.

"మీయి ఎన్ని వోయినయి?" అని అడిగింది.

మూడు వేళ్ళు చూపించాను.

"పైసలు వచ్చినయా?"

తల అడ్డంగా ఊపాను. కండువా కట్టుకున్న పెద్దమనిషికి నవ్వు ఆగలేదు. నవ్వితే దవడ నొప్పి. నవ్వుతూ మూలుగుతున్నాడు.

కరుణమ్మ టీచరు లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఇంకా తిడుతుందనుకున్నాను. గోడ వైపు తిరిగి, తన పై సెట్టు తీసి, రుమాలులో పెట్టి నా ముందు పట్టుకుంది. పాఠం చెప్పే పద్ధతిలోనే చెప్పింది, మాట కొంచెం గాలిగా వస్తున్నా పట్టించుకోకుండా.

"ఇగో, గిది తీగ. పక్క పన్నును పట్టుకుంటది. బలవంతంగ కొరికి ఎక్కియ్యొద్దు, రెండు ఏళ్ళతోని మెల్లగ పైకి నూకాలె. రాత్రి తీసి సల్లటి నీళ్ళల్ల వెయ్యాలె. వేడి నీళ్ళల్ల ఎయ్యొద్దు, వంకర పోతది. భయపడకుండ్రి, కరవదు."

"మీకెన్ని రోజులకు అలవాటైంది టీచర్?"

"చర్చిల వాక్యం చదివేది నేనే. మొదటి ఆదివారం 'ప్రభువు' అంటే ముందు వరుస మీద తుంపర్లు వడ్డయి. రోజూ పైకి చదివిన. మూడు వారాలకు నాలుక దారికొచ్చింది. మీ ఇంట్ల ఏం పుస్తకాలున్నయి?"

ఆలోచించాను. నా బ్యాగులో పాలసీ పుస్తకం ఉంది. కంపెనీవాళ్ళు ఏజెంట్లకు ఇచ్చిన తెలుగు పుస్తకం. నలభై రెండు పేజీలు. దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా నేను విప్పలేదు. బయటికి తీసి చూపించాను.

ఆమె కవరు వైపు చూసింది, నా వైపు చూసింది. "గిదే సదువుండ్రి. రోజు సాయంత్రం ఆరింటికి నాకు ఫోన్ జేసి సదువుండ్రి. నేను వింట. నాకేం అమ్మిండ్రో నేను గూడ తెలుసుకుంట."

కాదనే నోరు నాకు లేదు.

సెట్టు పెట్టుకున్న మొదటి వారం, నోట్లో చెప్పు పెట్టుకున్నట్టు ఉంది. నీళ్ళు ఊరడం ఆగదు. అన్నం రుచి తెలియదు. మాట ముద్దగా వస్తోంది. ఇంతకుముందు గాలి పోయేది, ఇప్పుడు గాలి పోవడానికి దారి లేదు. నాలుగో రోజుకు ఎడమ వైపు చిగురు ఒరుసుకుపోయి పుండైంది. తీసి డబ్బాలో పడేసి, మూడున్నర వేలు మట్టిలో కలిశాయని సుజాతతో అన్నాను.

ఆమె ఎవరిదో జాకెట్టు చంక కుట్టు విప్పుతోంది. దాన్ని ఎత్తి చూపించింది. "ఇది సూడు. కొలత నేనే తీసుకున్న, నేనే కుట్టిన. అయినా చంకల పడుతున్నదని తెచ్చింది. తెస్తే కుట్టు విప్పి సర్ది ఇస్తున్ననా లేదా? ఆ డాక్టరమ్మ గూడ గంతే. పోయి ఎక్కడ పడుతున్నదో చెప్పుపో. ఇంట్ల కూసుండి నాకు చెప్తే నేను పన్ను కుట్టాల్నా?"

వెళ్ళాను. డాక్టరమ్మ పుండున్న చోట పలకను రవ్వంత అరగదీసింది. రెండు నిమిషాల పని. దానికి డబ్బులు కూడా తీసుకోలేదు. సర్దడానికి రెండు మూడు సార్లు రావలసి ఉంటుందని ముందే చెప్పానుగా అంది. చెప్పింది. నేను వినలేదు.

సాయంత్రాలు ఆరింటికి ఫోన్ మొదలైంది. మొదటి పేజీలో "నిర్వచనాలు". "పాలసీదారు అనగా..." అని చదువుతుంటే అవతల నుంచి, "పాలచీదారు కాదు, పాలసీదారు. మల్ల," అని వినపడేది. మల్లా చదివేవాణ్ణి. ఒక్కొక్క సాయంత్రం అర పేజీ దాటేది కాదు. మిషను తొక్కుతూ సుజాత కూడా వినేది. "వేచి ఉండే కాలం" అనే భాగం, అంటే కొన్ని జబ్బులకు మొదటి కొన్నేళ్ళు డబ్బులు రావన్నది, వచ్చినప్పుడు, "గిది నువ్వు మా అన్నకు చెప్పినవా?" అని అడిగింది. చెప్పలేదు.

సెప్టెంబరులో కోదాడ వెళ్ళాల్సి వచ్చింది. మా అమ్మాయిని ఇచ్చింది అక్కడే. మనవరాలి మొదటి పుట్టినరోజు. అప్పటికి సెట్టుతో మాట్లాడగలుగుతున్నాను, మెత్తటివి తినగలుగుతున్నాను. విస్తరిలో మాంసం ముక్క దగ్గర మాత్రం ఆగిపోయాను. ముక్కలు కొరకడం ఇంకా రాలేదు. ఎవరూ చూడకుండా సెట్టు తీసి, కాగితపు రుమాలులో చుట్టి, విస్తరి పక్కన పెట్టి తిన్నాను. చేయి కడుక్కుని వచ్చేసరికి విస్తరి లేదు. బంతి మొత్తం ఎత్తేశారు.

నేను నోరు మూసుకుని నిలబడ్డాను. మా వియ్యపురాలు రాజ్యలక్ష్మి గారు చాలా పద్ధతైన మనిషి. కోదాడలో ఉన్నా ఆవిడ మాట కృష్ణ అవతలి ఒడ్డుదే.

"ఏంటన్నయ్యగారూ, అలా నిలబడిపోయారు? వంటలు బాలేవా?"

తల ఊపాను. బాగున్నాయనో, లేవనో నాకే తెలియలేదు. సుజాత వచ్చింది. నా మొహం చూసింది, నేలంతా చూసింది, అరిచింది:

"పండ్లు పారేసినవా!"

ఇంక దాచడానికేమీ మిగల్లేదు. రాజ్యలక్ష్మి గారు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పెరట్లోకి వెళ్ళి, విస్తళ్ళ డ్రమ్ము ముందు కూర్చున్నారు. నేను వద్దు వద్దంటున్నాను. అదీ సరిగా రావడం లేదు.

"ఊరుకోండి అన్నయ్యగారూ. మావారిది రెండుసార్లు పోయిందండీ. ఒకసారి సినిమా హాల్లో, ఒకసారి కాలవలో. కాలవలోదే దొరకలేదు. డ్రమ్ములోది ఎక్కడికి పోతుందండీ?"

ఇద్దరం చెరో వైపు కూర్చుని ఒక్కొక్క విస్తరి విప్పుతుంటే, అమ్మాయి అత్తగారితో నాకు ఇంత చనువుగా మాటలు నడవడం అదే మొదలు. పెళ్ళైన నాలుగేళ్ళలో ఇద్దరం "బాగున్నారా" దాటి ఎప్పుడూ పోలేదు. వాళ్ళాయనవి ఎన్ని పళ్ళు, ఎంత ఖర్చైంది, రాత్రిళ్ళు గ్లాసులో ఆయన పళ్ళు చూసి ఎలా భయపడ్డారు, అన్నీ చెప్పారు. ఇరవయ్యో విస్తరి దగ్గర రుమాలు దొరికింది. ఒక తీగ వంగింది. మిగతాదంతా క్షేమం. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి "ఉందండీ!" అంటే, రెండో బంతిలో కూర్చున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

తీగ మిర్యాలగూడలో సరిచేయించుకున్నాను. ఇంతవరకు చెప్పిందంతా నాకు జరిగిన కష్టం. ఇక చెప్పబోయేది నేను చేసిన తప్పు.

అక్టోబరులో పద్దెనిమిదో పేజీకి వచ్చాం. "మినహాయింపులు". అంటే డబ్బులు రానివి. పైకి చదువుతున్నాను: "దంత చికిత్స ఖర్చులు ఈ పాలసీ పరిధిలోకి రావు. అయితే ప్రమాదంలో గాయపడి, ఆసుపత్రిలో చేరి పొందిన దంత చికిత్సకు ఈ మినహాయింపు వర్తించదు. కట్టుడు పళ్ళు, కళ్ళద్దాలు, వినికిడి యంత్రాల ఖర్చు ఏ సందర్భంలోనూ చెల్లించబడదు."

అవతల చప్పుడు లేదు. ఉచ్చారణ తప్పు పోయిందేమో అనుకున్నాను.

"సారూ, ఆ ముక్క మల్లొకసారి సదువుండ్రి."

చదివాను. ఈసారి నాకు కూడా వినపడింది.

"నేను ఆటోలకెల్లి వడ్డ."

"అవును టీచర్."

"రెండు దినాలు దవాఖాన్ల ఉన్న."

"అవును."

"పండ్ల డాక్టరు గాడికే వచ్చి, విరిగిన ముక్కలు తీసి కుట్లేసిండు."

"అవును టీచర్."

"గా బిల్లును మీరే నా ఫైలుకెల్లి తీసి నా చేతుల వెట్టిండ్రు. 'పండ్లకు రాదు టీచరమ్మా, గిది వెడితే చేతికి వచ్చేది గూడ ఆగుతది' అన్నరు."

దానికి అవును అనలేకపోయాను. అమ్మేటప్పుడు అన్నీ వస్తాయన్నాను. అడిగినప్పుడు ఏమీ రాదన్నాను. రెండుసార్లూ పుస్తకం బ్యాగులోనే ఉంది. రెండుసార్లూ చూడలేదు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఒక మాట నాలుక మీదికి వచ్చింది. గడువు దాటిపోయింది టీచర్, ఇప్పుడేం చేయలేం అని. కొత్త పళ్ళతో తడబడకుండా అనేసేవాణ్ణే. అంతలో మిషను చప్పుడు ఆగింది. సుజాత నా వైపే చూస్తోంది.

"రేపు పొద్దుగాల ఆఫీసుకు నువ్వు పోతవా, నేను పోవాల్నా?"

"టీచర్, ఆ బిల్లు ఉందా మీ దగ్గర?" అని ఫోన్లో అడిగాను.

"నేను టీచర్ను సారూ. నా దగ్గర ఒకటో తరగతి ప్రోగ్రెస్ కార్డు గూడ ఉన్నది."

మర్నాడు త్రిపురారం వెళ్ళి బిల్లు తెచ్చుకుని, సూర్యాపేటలో మా బ్రాంచికి వెళ్ళాను. మళ్ళీ పరిశీలించమని పెట్టే అర్జీలో "ఆలస్యానికి కారణం" అని ఒక గడి ఉంటుంది. అందులో "ఏజెంటు పాలసీ పుస్తకం చదవకపోవడం" అని రాసి సంతకం పెట్టాను. మేనేజరు చదివి కళ్ళజోడు తీశాడు.

"ఏందయ్యా ఉపేందర్, గిట్ల ఎవరన్న రాస్తరా? కాయితాలు దొరకలేదని రాయి. పైకెల్లి మెమో వస్తది నీకు. ఏజెన్సీ తీసేసినా తీసేస్తరు."

పంతొమ్మిదేళ్ళ పని. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? కానీ ఎదురుగా కూర్చుని అబద్ధం రాయడానికి, నెలన్నర నుంచి ప్రతి సాయంత్రం నా తప్పులు దిద్దుతున్న గొంతు అడ్డం వచ్చింది. ఆ కాగితమే ఇచ్చి వచ్చాను.

మెమో నిజంగానే వచ్చింది. ఏజెన్సీ తీయలేదు. సంజాయిషీ అడిగారు, పాలసీ నిబంధనల మీద ఒకరోజు శిక్షణకు రమ్మన్నారు. వెళ్ళాను. అక్కడ పాఠం చెప్పే అబ్బాయి పద్దెనిమిదో పేజీ గురించి అడిగితే, చూడకుండా అప్పజెప్పాను.

ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా, డబ్బులు రానివి ముందు చెబుతున్నాను. మామూలు పాలసీల్లో పళ్ళకు సాధారణంగా రాదు. ప్రమాదమై ఆసుపత్రిలో చేరితే వైద్యానికి వస్తుంది, కట్టుడు సెట్టుకు రాదు. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి కూడా ఇచ్చే పాలసీలు కొన్ని ఉన్నాయి, వాటికీ ఒక హద్దు ఉంటుంది, కాగితం మీద చూసుకోవాలి. నా మాట నమ్మొద్దు, చదివించుకోండి అంటున్నాను. కొందరు వింటూ వింటూ లేచిపోతున్నారు. వ్యాపారం తగ్గిందని ఒప్పుకుంటాను. ఉన్నవాళ్ళు మాత్రం నాకు ఫోన్ చేసి తిట్టడం తగ్గింది. సాయంత్రాలు కొంచెం ప్రశాంతంగా ఉంటున్నాయి.

సెట్టు ఇప్పుడు నోట్లో ఉన్నట్టే తెలియడం లేదు. మూడు నెలలకోసారి చిగుళ్ళు చూపించుకుంటున్నాను. మిగిలిన పళ్ళు నిలిచాయి.

డిసెంబరులో ఒక సాయంత్రం ఆరు కాకముందే ఫోన్ మోగింది. ఎప్పుడూ నేనే చేసేవాణ్ణి, ఆ రోజు టీచరే చేసింది.

"సారూ, బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఐదువేల ఎనిమిది వందలు వడ్డయి."

దవాఖానలో పళ్ళ డాక్టరు చేసిన వైద్యానికి అంతే. కట్టుడు సెట్టుకు ఆమె పెట్టుకున్నది రాలేదు. ఆ మాట ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే, ఆమే అంది:

"సెట్టుకు రాదులెండ్రి. పద్దెనిమిదో పేజీల మూడో వాక్యం. సదివినం గద."

నేను గొంతు సవరించుకున్నాను.

"టీచర్, నన్ను క్షమించుండ్రి. రెండేళ్ళ కిందనే రావాల్సిన పైసలు."

"'క్షమించుండ్రి' మంచిగ పలికిండ్రు సారూ. 'క్ష' శానా మందికి సక్కగ రాదు." ఒక్క క్షణం ఆగింది. "మరి మీ నాలుక దారికొచ్చింది. నా పైసలు నాకొచ్చినయి. ఇగ సదువుడు బంద్ వెడదామా?"

నేను పుస్తకం వైపు చూశాను. "ఇంకా పదకొండు పేజీలున్నయి టీచర్."

"ఏమున్నదందుల?"

"తెల్వదు. నేను గూడ ఇంకా సదవలే."

"అయితే కానియ్యుండ్రి," అంది. అవతల కుర్చీ జరుపుకున్న చప్పుడు వినపడింది. "మెల్లగ. తుంపర్లు వడకుంట."